నీళ్ల గ్లాసులో మౌత్ ఆర్గాన్

ఈ ఉదయం జిండెల్ఫింగెన్‌లో మా ఇంటి హైజుంగ్ ఈ ఏడాదికి మొదటిసారి వెచ్చబడింది. అక్టోబరులో ఒకనాడు, ఎవరూ చెప్పకుండానే, భవనమంతటా గొట్టాల్లో వేడినీళ్లు కదలడం మొదలవుతుంది. గోడకు బిగించిన తెల్లని ఇనుప పలక లోపల ఎవరో మర్యాదగా దగ్గినట్టు చప్పుడవుతుంది. వేసవి అంతా పేరుకున్న దుమ్ము కాలిన వాసన గదిలో పరుచుకుంటుంది. నాతో కలిసి ఉంటున్న అమ్మాయి తడిసిన మేజోళ్లను ఆ పలక మీద పరిచి ఆఫీసుకు వెళ్లిపోయింది. జర్మనీలో ఉన్న మనవాళ్లు చలికాలంలో బట్టలారేసే పద్ధతి అదే కనుక ఆమె తప్పేమీ లేదు. అయినా నేను వాటిని తీసి స్టాండు మీద వేశాను. సాయంత్రం ఆమె కారణం అడుగుతుంది. హైజుంగ్ మీద తడి వస్తువేదీ పెట్టకూడదన్నది నా నియమం. దాని వెనుక ఉన్నది మేజోళ్లు కావు, పిడికిట్లో ఇమిడేంత ఒక మౌత్ ఆర్గాన్.

నాలుగేళ్ల కిందట నేను ష్వైన్‌ఫర్ట్‌లో చదువుకునేదాన్ని. అది బేరింగుల ఊరు. పట్టణంలో సగం మంది జీవితం గుండ్రంగా తిరిగే ఇనుప గోళీల మీద నడిచిందని అక్కడివాళ్లే చెప్పుకుంటారు. ఒకప్పుడు అమెరికా సైన్యం ఉండి, ఖాళీ చేసి వెళ్లిన బ్యారక్‌ల స్థలంలో మా క్యాంపస్ కట్టారు. క్యాంపస్‌లో సీటు సులువుగానే దొరికింది కానీ ఆన్మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు, చేసుకోనిచ్చే గది దొరకలేదు. చిరునామా నమోదు కానిదే బ్యాంకు ఖాతా లేదు, ఖాతా లేనిదే గది లేదు. ఆ చక్రంలో మూడు వారాలు తిరిగాక తెలుగువాళ్ల వాట్సాప్ గుంపులో ఒక ప్రకటన కనిపించింది: పై అంతస్తులో గది ఉంది, ఆన్మెల్డుంగ్‌కు అభ్యంతరం లేదు, శబ్దం భరించగలవారే రావాలి. హనుమకొండలో పెళ్లి మండపం ఎదురింట్లో పెరిగినదాన్ని కనుక శబ్దం గురించి భయపడలేదు.

ఇంటి యజమాని బందరు మనిషి. ఇరవై రెండో ఏట బేరింగుల కర్మాగారంలో ఇంజనీరుగా చేరి, అక్కడే రిటైరై, అక్కడి నర్సునే పెళ్లి చేసుకుని, డెబ్బై అయిదు దాటినా సన్నగా, నిటారుగా ఉండేవాడు. ఆయన తెలుగు మాత్రం ఆయన బందరు విడిచిన ఏడాదిలోనే ఆగిపోయింది. టెలిగ్రామును తంతి అనేవాడు, లాయరును ప్లీడరు అనేవాడు. మొదటిరోజు నేను అంకుల్ అని పిలిస్తే చెయ్యి అడ్డం పెట్టాడు. “అంకులేమిటమ్మాయ్? నేను బయల్దేరేనాటికి బందర్లో అంకుళ్లు లేరు. బాబాయిలుండేవారు.” వయసుకు తాతగారు అనడం న్యాయం. కానీ ఆయన తనకు తానే ఇచ్చుకున్న రాయితీని కాదనడం అద్దెకున్నవాళ్ల పని కాదు. కాబట్టి ఆయన బాబాయి అయ్యాడు, ఆ లెక్కన ఆయన జర్మన్ భార్య పిన్ని అయింది. ఆ మాట ఆవిడకు ఎంత నచ్చిందంటే, నేను ఫోను చేసినప్పుడల్లా “హలో, హియర్ పిన్ని” అంటూ ఎత్తేది.

ప్రకటనలో చెప్పిన శబ్దం బాబాయి వాయించే బ్లూస్. మౌత్ ఆర్గాన్ అంటే నాకు తెలిసింది విహారయాత్ర బస్సులో వెనక సీట్లోంచి వచ్చే సినిమా పాట. బాబాయిది అది కాదు. అమెరికాలో పత్తిచేలల్లో చాకిరీ చేసిన నల్లవాళ్లు తమ కష్టంలోంచి పుట్టించుకున్న సంగీతం అది. మనం మౌత్ ఆర్గాన్ ఊదుతామనుకుంటాం. బ్లూస్ వాయించేవాళ్లు ఎక్కువగా పీలుస్తారు. పీలుస్తూనే నాలుకనూ దవడనూ కొద్దిగా మార్చి స్వరాన్ని కిందికి వంచుతారు. అప్పుడా చిన్న డబ్బా ఏదో అడగబోయి ఆగినట్టు మూలుగుతుంది. ఆయన నలభై ఏళ్లపాటు నలుగురు మనుషుల బ్యాండులో వాయించాడు. మైకును మౌత్ ఆర్గాన్‌తో కలిపి దోసిట్లో బిగించి, పెద్ద ఆంప్లిఫయరు గుండా, డ్రమ్ములతో పోటీపడి వాయించేవాడు. గిటారు వాయించేది ఒక బేకరీ యజమాని. తెల్లవారుజామున రొట్టెలు కాల్చాలి కనుక కచేరీ ఎంత రసపట్టులో ఉన్నా తొమ్మిదిన్నరకు గిటారు పెట్టెలో పెట్టేసేవాడట.

నేను ఆ ఇంట్లో చేరిన శీతాకాలంలోనే బాబాయి బ్యాండు మానేశాడు. పాత కచేరీల రికార్డింగులు వింటూ ఉండగా తన ఊపిరి తనకే వినబడలేదని ఆయన ఫిర్యాదు. ఇక ఆంప్లిఫయరు వద్దు, డ్రమ్ములు వద్దు. ఒక కుర్చీ, తాళం వేయడానికి కాలి కింద ఒక చెక్కపలక, చేతిలో తాను మొదట నేర్చుకున్న మౌత్ ఆర్గాన్, అంతే. రెండో వరుస దాటి వినపడదని బేకరీ ఆయన హెచ్చరించాడు. అయితే రెండు వరుసలే వేయిద్దామన్నాడు బాబాయి.

ఆ పాత మౌత్ ఆర్గాన్‌కు లోపలి దువ్వెన చెక్కది. ఇప్పటివాటిలా ప్లాస్టిక్ కాదు. చెక్క ఎండితే సందులు విచ్చుకుని గాలి కారిపోతుంది. అందుకని ఆయన రోజూ ఉదయం దాన్ని ఒక గాజు గ్లాసులో, రెండు వేళ్ల లోతు నీళ్లలో నిలబెట్టేవాడు. సరిగ్గా కాఫీ తాగినంతసేపు. తీసి, అరచేతిలో నాలుగుసార్లు తట్టి, తువ్వాలుతో తుడిచి మొదలుపెట్టేవాడు. కాఫీ కప్పుకూ ఆ గ్లాసుకూ తేడా చూసుకోకుండా నేనొకసారి ఆ నీళ్లు తాగబోతే, పిన్ని తన వృత్తికి తగిన వేగంతో అందుకుంది. లోపల కంపించి పలికే ఇత్తడి రీడ్లను మూడుసార్లు మార్పించాననీ, పైరేకు ఒకసారి మారిందనీ, చెక్క మాత్రం అదేననీ ఆయన చెప్పేవాడు. మరి ఇది ఆ మౌత్ ఆర్గానేనా, వేరొకటా అని నేను అరగంట వాదించాను. కాలేజీలో మూడేళ్లు డిబేట్ జట్టులో ఉన్నదాన్ని. అనుకూలమో ప్రతికూలమో చీటీ తీసి చెబితే, నాలుగు నిమిషాల్లో, గంట మోగేలోగా దేన్నయినా నిరూపించడం నాకు అలవాటు. ఆ సాయంత్రం నుంచి ఆయన నన్ను ప్లీడరమ్మా అని పిలవసాగాడు. నేను దాన్ని బిరుదు అనుకున్నాను.

ఏప్రిల్‌లో ఊళ్లోని ఒక సాంస్కృతిక సంఘం ఆయన్ని కచేరీకి పిలిచింది. మా క్యాంపస్ ఆవరణలోనే, మే మొదట్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం. ఆయన ఒక్కడే. పోస్టరు నమూనా వచ్చిన రోజు భోజనాల దగ్గర ఆయన దాన్ని పప్పుగిన్నెకు ఆనించి నిలబెట్టి, తిన్నంతసేపూ చూస్తూనే ఉన్నాడు. దాని మీద జర్మన్‌లో పెద్ద అక్షరాలతో ‘తిరిగి నా వేర్ల దగ్గరికి’ అని ఉంది. అప్పుడు నేను అడిగాను.

“బాబాయిగారు, ఒక్క మాట అడుగుత. మీరు పుట్టింది బందర్ల. ఈ పాట పుట్టింది మిసిసిపీల, పత్తిచేన్లల్ల. వేర్ల దగ్గరికి వాపసు పోతున్న అని రాస్తున్నరు గదా. ఎవరి వేర్లు?”

అక్కడితో ఆగి ఉంటే అది ప్రశ్నగా మిగిలేది. నేను ఆగలేదు. ఒక జాతి తన నెత్తుటితో సంపాదించుకున్న దాన్ని, ఆ కష్టం పడనివాళ్లు ‘నాది’ అనడం ఏ న్యాయమన్నాను. తిరిగి వెళ్లాలంటే ముందు అక్కణ్నించి బయలుదేరి ఉండాలి కదా అన్నాను. పేదవాడి పాట పెద్ద ఉద్యోగి చేతిలో పడితే అది గౌరవమా, ఆక్రమణా అన్నాను. నాలుగు నిమిషాలు పట్టి ఉంటుంది. నేను చెప్పినవాటిని మనస్ఫూర్తిగా నమ్మాను కూడా, ఇప్పటికీ చాలావరకు నమ్ముతాను. పిన్నికి తెలుగు అర్థం కాక ఏమిటని అడిగితే, బాబాయి నా వాదన మొత్తాన్ని ఒక్క ముక్క వదలకుండా జర్మన్‌లో చెప్పాడు. ఆయన నోట అది ఇంకా పదునుగా వినిపించింది. తర్వాత “పప్పు చల్లారిపోతోంది ప్లీడరమ్మా” అన్నాడు. పోస్టరు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు సంఘంవాళ్లకు ఫోను చేసి రాలేనని చెప్పేశాడు. కోపం ఏమీ లేదు. నేను మెట్లు దిగుతుంటే ఆపి మరీ చెప్పాడు: “నువ్వడిగినదానికి నా దగ్గర జవాబు లేదమ్మాయ్. జవాబు లేకుండా అంతమంది ముందు కుర్చీలో ఎలా కూచోను?” మౌత్ ఆర్గాన్ సొరుగులోకి పోయింది. గాజు గ్లాసు బోర్లించి ఉంది. అప్పటిదాకా ఆ ఇంట్లో ఉదయం ఎనిమిదయిందని తెలియడానికి గడియారం చూడవలసిన అవసరం నాకు రాలేదు.

నేను చేయగలిగింది ఒక్కటే ఉంది, అదే చేశాను. రెండు రోజులు కూర్చుని అవతలి పక్షం వాదన రాసుకుని వచ్చాను. సంగీతానికి సరిహద్దులు లేవు, నేర్చుకున్నవాడూ వారసుడే, ఇలా ఒక పేజీ. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఓపిగ్గా విని, “మొన్న అటుపక్క, ఇవాళ ఇటుపక్కనా? రేపు ఏ పక్కకు చీటీ పడుతుందో అదీ చూసుకుని, మూడూ కలిపి చెప్పు” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ, ప్లీడరమ్మ అన్నది బిరుదు కాదని అప్పుడు తెలిసింది. వంటింట్లో పిన్ని, నాకు అర్థమయ్యేలా జర్మన్‌ను నిదానంగా విడదీసి చెప్పింది: “నువ్వు గెలిచావు. సరే. ఇప్పుడు ఈ ఇంట్లో ఎవరు వాయిస్తారు?” ఆయన ఊపిరితిత్తుల శక్తి ఏటేటా తగ్గుతోందనీ, ఈ ఏడాది వాయించనిది వచ్చే ఏడాది వాయించలేడనీ ఆవిడ నర్సు గొంతుతో, పప్పు డబ్బా మూతపెడుతూ చెప్పింది.

మరుసటి వారం వాళ్లిద్దరూ ఆ ఊపిరితిత్తుల డాక్టరు ఇచ్చిన టెర్మిన్‌కే వ్యుర్ట్స్‌బుర్గ్ వెళ్లారు. నాకొక ఆలోచన వచ్చింది. పది రోజులుగా నీళ్లు తగలని చెక్క ఎండిపోయి ఉంటుంది. తడిపి సిద్ధంగా ఉంచితే, రాగానే చూసి, మనసు మారవచ్చు. సొరుగులోంచి తీసి గ్లాసులో పెట్టి, కొంచెం నీళ్లు ఎక్కువే మంచిదనుకుని నిండా పోసి, క్లాసుకు వెళ్లాను. కాఫీ తాగినంతసేపు అన్న కొలత నాకు తెలుసు. కానీ తప్పు దిద్దుకోవాలనే తొందరలో ఉన్నవాళ్లు కొలతల్ని పట్టించుకోరు. నాలుగు గంటలకు వచ్చి చూస్తే చెక్క పళ్లు ఉబ్బి, రేకుల మధ్యనుంచి బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. వాళ్లు ఆరింటికి వస్తారు. ఏప్రిల్ అయినా బయట చలి, లోపల హైజుంగ్ నడుస్తోంది. ఈ దేశంలో నాకు తెలిసిన ఆరబెట్టే విద్య ఒక్కటే. మీటను చివరి అంకెకు తిప్పి, తువ్వాలు పరిచి, మౌత్ ఆర్గాన్‌ను దాని మీద పెట్టాను. అయిదున్నరకు ‘టక్’మని చిన్న చప్పుడు వినిపించింది. యాభై ఏళ్ల చెక్క నిలువునా పగిలింది.

చెప్పకుండా ఉండే మార్గమేదీ నాకు తోచలేదు. తోచినా ఎంచుకునేదాన్ని కాదనే అనుకుంటాను. వాళ్లు కోట్లు విప్పకముందే అరచేతిలో పెట్టి చూపించాను. “హైజుంగ్ మీద పెట్టిన” అని మాత్రం అన్నాను. బాబాయి దాన్ని తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి, వెలుతురుకు ఎత్తి చూశాడు. “తడిసినది మేజోడు కాదమ్మాయ్” అన్నాడు చివరికి, అంతే. తర్వాత కర్మాగారం రోజుల చిన్న పట్టకారు తెచ్చి, భోజనాల బల్ల మీద పాత వార్తాపత్రిక పరిచి, పైరేకుల మేకుల్ని ఒక్కొక్కటే లాగాడు. క్రిస్మస్‌కు ముందు నాలుగు వారాలూ వెలిగించే తేనెమైనపు వత్తుల్లో మిగిలిన ముక్కను పిన్ని వెతికి తెచ్చింది. స్పూనులో మైనం కరుగుతుండగా ఆయన చెక్కను తిప్పి నాకు చూపించాడు. రేకు కింద, ఎవరికీ కనబడని చోట, చాకుమొనతో గీసిన రెండు అక్షరాలున్నాయి.

అవి ఒక అమెరికా సైనికుడి పేరులోని అక్షరాలు. నల్లవాడు, మిసిసిపీవాడు, బ్యారక్‌లలో ట్రక్కు నడిపేవాడు. బాబాయి ఊళ్లోకి కొత్తగా వచ్చిన రోజుల్లో మైన్ నది ఒడ్డున ఒక గాస్ట్‌హౌస్‌లో, అంటే తిండీ బీరూ దొరికే చోట, వెనక గదిలో ఈ ఇద్దరికే ఎప్పుడూ చివరి బల్ల ఇచ్చేవారట. అలా పరిచయమై, ఆ సైనికుడు ఒక చలికాలమంతా నేర్పి, బదిలీ అయి పోతూ తన మౌత్ ఆర్గాన్ ఇచ్చేసి వెళ్లాడు. తర్వాత ఉత్తరం లేదు, జాడ లేదు. ఇదంతా ఆయన మైనాన్ని పగులులోకి అగ్గిపుల్లతో దింపుతూ, యంత్రం మరమ్మతు వివరించినట్టు చెప్పాడు.

“వాడు ప్రతి పాటకీ ముందు చెప్పేవాడు, ఇది మా మేనమామ దగ్గర నేర్చుకున్నా, ఆయన రంపపు మిల్లులో ఒక ముసలాయన దగ్గర నేర్చుకున్నాడు అని. అది చెప్పాకే నోట్లో పెట్టేవాడు. వెళ్లేటప్పుడు నన్నొకటే అడిగాడు, నా పేరు చెప్పి వాయించు అని. మా బందర్లో హరికథ చెప్పేవాడైనా గురువుకి దణ్ణం పెట్టందే గొంతు విప్పడు. అది చూస్తూ పెరిగినవాణ్ని. అయినా బ్యాండులో తీరికేదీ? నేను నోరు తెరిచేలోగా డ్రమ్ము మొదలైపోయేది. నలభై ఏళ్లు మొదలవుతూనే ఉంది.”

మైనం చల్లారింది. తర్వాత ఆయన మేకులు తిరిగి దిగ్గొట్టి, ఒకసారి పీల్చి చూశాడు. ఒక స్వరం పలికింది, ఒకటి బుస్సుమంది, మిగతావి పలికాయి. “నీ ప్రశ్న తప్పు కాదు ప్లీడరమ్మా. అడగాల్సింది నన్నే. జవాబు మాత్రం వాడి దగ్గరుంది, నేనే మోసుకురాలేదు.” మర్నాడు ఉదయం ఎనిమిదింటికి గ్లాసులో నీళ్లున్నాయి, రెండు వేళ్ల లోతు. సంఘంవాళ్లు ఆ ఆదివారానికి ఇంకా ఎవరినీ కుదుర్చుకోలేదు. పోస్టరు మాత్రం మారింది. వేర్ల మాట తీసేసి ‘ఒక ట్రక్కు డ్రైవరు నేర్పిన పాటలు’ అని వేయించాడు. చదివి చూడమని ముందు నాకే ఇచ్చాడు. అభ్యంతరం లేదన్నాను. “హమ్మయ్య, కోర్టు ఒప్పుకుంది” అని పిన్నికి జర్మన్‌లో చెప్పాడు.

కచేరీనాడు క్యాంపస్ ఆవరణలో, సైనికులు ఉండిన పాత భవనం గోడ నీడలో, కుర్చీ వేశారు. వచ్చినవాళ్లు యాభై మంది కూడా ఉండరు. బేకరీ ఆయన తన మాట నిరూపించుకోవడానికి పట్టుబట్టి ఆఖరి వరుసలో కూర్చున్నాడు. బాబాయి వచ్చి, కాలి కింద పలక సర్దుకుని, వెంటనే వాయించలేదు. ఆ సైనికుడి పూర్తిపేరు చెప్పాడు. అతను ఇక్కడే, ఈ గోడ వెనకే ఉండేవాడన్నాడు. అతని మేనమామ సంగతీ, రంపపు మిల్లు ముసలాయన సంగతీ చెప్పి, ఆ ముసలాయన పేరు తనకు తెలియదనీ, అడగకపోవడం తన పొరపాటనీ అన్నాడు. ఇలా ప్రతి పాటకూ ముందు చెప్పాడు. ఆ పేరు నేనిక్కడ రాయను. దాన్ని పలికే హక్కు ఆయన నేర్చుకుని సంపాదించుకున్నది, నేను విన్నది మాత్రమే. ఇక వాయింపు సంగతి చెప్పాలంటే, నా పగులు స్పష్టంగానే వినపడింది. ఒక రంధ్రంలో మైనం నిలవక గాలి కారుతూ వచ్చింది. ఆయన ఆ స్వరాన్ని తప్పించుకుంటూ, తప్పించుకోలేనిచోట బుస్సుమననిస్తూ, నలభై నిమిషాలు వాయించాడు. మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు. అదీ వినపడింది. ముందు వరుసలో కూర్చున్న పిన్ని చప్పట్లు కొట్టలేదు. చేతిలో ఇన్‌హేలరు పట్టుకుని ఉంది. అయిపోయాక బేకరీ ఆయన నడిచొచ్చి తీర్పు చెప్పాడు: “ఆఖరి వరుసలో పాట సగమే వినపడింది. పేరు మాత్రం మొత్తం వినపడింది.”

బాబాయికి ఇప్పుడు ఎనభై దగ్గరపడింది. రోజుకు పది నిమిషాలు వాయిస్తాడు, గ్లాసులో మాత్రం కాఫీ తాగినంతసేపూ నానబెడతాడు. ఆదివారాలు నేను ఫోను చేస్తే, ఇవాళ ఏ పక్కన ఉన్నావని అడిగిన తర్వాతే కుశలం అడుగుతాడు. నేను ప్రశ్నలడగడం మానలేదు, మానమని ఆయన ఎన్నడూ చెప్పలేదు. అడిగాక ఇంకాస్త సేపు కూర్చుంటున్నాను, అంతే తేడా. కాలేజీలో మాకు ప్రశ్నకైనా జవాబుకైనా నాలుగేసి నిమిషాలే. గంట మోగిందంటే ఆగిపోవాలి. ఆ భోజనాల బల్ల దగ్గర ఆ ప్రశ్న వేయడానికి నాకు నాలుగు నిమిషాలు సరిపోయాయి. దానికి జవాబు ఆయన దగ్గరికి చేరడానికి యాభై ఏళ్లు పట్టింది, ఆ యాభై ఏళ్లలో ఎక్కడా గంట మోగలేదు.